భూగోళం బావ గీసిన లోకం

ఎదుటివాడి తప్పు ఒకటి దొరికిన రోజున మా బావకి ఆకలి వేయదు. దానితోనే కడుపు నిండిపోతుంది. అందుకేనేమో మనిషి ఎప్పుడూ బక్కగానే ఉంటాడు.

ఆయన ఇన్సూరెన్సు కంపెనీలో నష్టాలు చూసే ఇన్‌స్పెక్టరు. ఎక్కడైనా దుకాణం తగలబడినా, గోడౌన్‌లోకి వాన నీళ్ళు జొరబడినా, మర్నాడు టార్చిలైటూ టేపూ పట్టుకుని వెళ్ళి నష్టం ఏపాటిదో రాసి రావడం ఆయన ఉద్యోగం. రాసి రావడమంటే, చాలాసార్లు, ఏమీ ఇవ్వనక్కరలేదని రాసి రావడమే. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే లాబ్‌లో పనిచేస్తాను. ఒకరోజు నన్ను అక్కడ దింపుతానని బండెక్కించుకుని, దారిలో ఒక టైలరు దుకాణం ముందు ఆగాడు. దుకాణం లోపలంతా మసి. టైలరు కాలిపోయిన మెషిన్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు, జబ్బుపడ్డ పశువు పక్కన నిలబడ్డట్టు.

బావ సగం కాలిన కర్టెన్ని పెన్నుతో ఎత్తి చూశాడు. "మంట ఇటునుంచి అటు పాకదండీ. అటునుంచి ఇటు పాకుతుంది," అన్నాడు.

"నేను కళ్ళారా చూశానండీ."

"మీరు చూసే ఉంటారు. మంట మాత్రం అలా పాకదు."

మళ్ళీ బండెక్కాక ఆయన ముఖంలో జాలీ లేదు, కోపమూ లేదు. హాయిగా ఈల వేసుకుంటూ నడిపాడు. అది చూశాక నాకు ఆయన మీద ఉన్న కాస్త గౌరవం కూడా ఆ వీధిలోనే జారిపోయింది. వెనక్కి వెళ్ళి ఏరుకోలేదు.

ఇలాంటి మనిషిని మా అక్క ఏరికోరి చేసుకుంది. డ్రైక్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర కూర్చుని రోజంతా జనం మరకల గురించి చెప్పే అబద్ధాలు వినే మనిషి అది. కాఫీ మరకని సిరా అంటారు, సిరా మరకని కాఫీ అంటారు. అలాంటి చోట పనిచేసే మా అక్కకి, ఏదడిగినా తడుముకోకుండా జవాబు చెప్పే మగవాడు దొరికేసరికి, తడుముకోకపోవడమే నిజమనుకుంది. అడ్రసు తెలియని వీధిలో కూడా బావ ఎవరినీ దారి అడగడు. తప్పిపోయినా ఠీవిగా తప్పిపోతాడు.

అయితే ఒక్క మంచి సంగతి చెప్పకపోతే కళ్ళు పోతాయి. ఈయనకి ఒకప్పుడు కథ చెప్పడం వచ్చేది. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళింటి భోజనాల బల్ల చుట్టూ చేరి మేం ఒక ఆట ఆడేవాళ్ళం. పావులూ గళ్ళూ ఉండే ఆట కాదు. ఒకరు ఒక లోకాన్ని కల్పించి చెబుతారు. మిగతావాళ్ళం ఆ లోకంలో తలా ఒక మనిషిమవుతాం. "ఇదిగో, కోట తలుపు మూసి ఉంది, ఏం చేస్తారు?" అని ఆయన అడిగితే, మేం చేసేది చెబుతాం. అది నెగ్గుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. లోకం నడిపేది బావ. మేం నలుగురం ఆడేవాళ్ళం. అక్క, నేను, బావకి చిన్నప్పటి స్నేహితుడైన లిఫ్టు మెకానిక్, కింది వాటాలో ఉండే మందుల షాపాయన.

మందుల షాపాయన పెద్దమనిషి, భార్య పోయినవాడు, నోట్లో నాలుక లేనివాడు. జన్మలో ఎవరికీ ఒక బిళ్ళ తప్పు ఇచ్చి ఎరగడు. ఆటలో మాత్రం ఆయన ముసలి దొంగ. ఎంత దొంగ అంటే, ఒకసారి రాజుగారు స్నానానికి దిగితే కిరీటంతో పాటు తువ్వాలు కూడా లేపేశాడు. ఆ దొంగతనం జరిగిన వారమంతా ఆయన షాపులో నవ్వుతూ మందులిచ్చాడని జ్వరాలతో వెళ్ళినవాళ్ళు కూడా చెప్పుకున్నారు.

ఆ రోజుల్లో మా లోకానికి పటం గీసింది అక్క. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి, కౌంటర్ దగ్గర గిరాకీ లేనప్పుడు రంగు పెన్సిళ్ళతో వేసింది. నడిమధ్య ఒక సరస్సు, అందులోంచి చెరో సముద్రానికీ పోయే రెండు నదులు, ఇసుక ఎడారి పక్కనే మంచు కొండలు. ఒక కొండ పిల్లి పడుకున్నట్టు ఉండేది. ఎందుకలా వేశావంటే, "చెయ్యి అలా తిరిగింది," అంది. మాకు అదే చాలు. ఏడాదికి పైగా ఆ కాగితం మీద తిరిగి, మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించుకుని మళ్ళీ తిరిగాం.

తర్వాత బావకి జ్ఞానోదయమైంది. ఆఫీసులో భోజనం వేళ ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఊహాలోకాలకి పటాలు గీసేవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారట. ఆ పటాలు నిజమైన భూమిలా ఎలా ఉండాలో చెప్పేవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారట. నేల పలకలు ఎలా ఢీకొంటాయి, కొండలు ఎక్కడ లేస్తాయి, గాలి ఎటు వీస్తుంది, వాన ఎక్కడ పడుతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఈయన అదే పనిగా చూశాడు. చూసి, నేర్చుకున్నదాన్ని ఎవరి నెత్తిన కొట్టాలా అని ఇల్లంతా కలియజూశాడు.

ఆ ఆదివారం మేం నది దాటబోతున్నాం. లిఫ్టు మెకానిక్ ఊరికే, నోరూరుకోక అడిగాడు. "ఒరేయ్, ఈ నది ఎక్కడ పుట్టిందిరా?"

బావ పాచికలు కింద పెట్టాడు. "మంచి ప్రశ్న. ఈ బల్ల దగ్గర ఇన్నాళ్ళకి ఒక మంచి ప్రశ్న పుట్టింది," అని, పటం మీద వేలు పెట్టాడు. "ఇది చూడండి. ఒక సరస్సులోంచి రెండు నదులు. నీళ్ళు ఎక్కడ పల్లం ఉంటే అక్కడికి పోతాయి. రెండు దిక్కులకీ పంచుకుని పోవడానికి అవేమన్నా ఆస్తి తగాదాలో అన్నదమ్ములా? ఎడారి పక్కన మంచట. ఇది పటం కాదు. నర్సరీ పిల్లల డ్రాయింగు."

అక్క నవ్వబోయింది, జోకనుకుని. కాదని తెలిసేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయి ముఖం మీదే ఉండిపోయింది. బావ ఆ కాగితాన్ని మడిచి సోఫా కింద దూర్చాడు. సరైన పటం తయారయ్యేదాకా ఆట బంద్ అన్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" మందుల షాపాయన అడిగాడు. ఆయన దొంగ అప్పటికి పడవలో సగం ఎక్కి ఉన్నాడు.

"తొందరపడితే ఇదిగో, ఇలాంటివి తయారవుతాయి," అన్నాడు బావ.

ఆ తర్వాత భోజనాల బల్ల మీద భోజనం మాయమైంది. దాని నిండా పెద్ద పెద్ద తెల్ల కాగితాలు, స్కేళ్ళు, రకరకాల మొనలున్న పెన్సిళ్ళు. అక్కాబావలు కంచాలు ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున తిన్నారు. ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళకీ అదే గతి. కాగితాల మీద ఒక్క చుక్క పడితే ఇంట్లో వారం రోజులు మౌనవ్రతం. ముందు నేల పలకలు గీశాడు. నచ్చక చెరిపాడు. మళ్ళీ గీసి, వాటిని లక్షల ఏళ్ళు జరిపాడు. ఒక్క ఆదివారం కూడా ఖాళీ లేని మనిషి, లక్షల ఏళ్ళని మాత్రం ధారాళంగా ఖర్చుపెట్టాడు.

లిఫ్టు మెకానిక్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసేవాడు. "మేం ఆడేదెప్పుడురా?"

"నేల గట్టిపడనీ."

"నేల గట్టిపడేలోగా మా కీళ్ళు గట్టిపడేలా ఉన్నాయి."

అప్పుడే ఆయన మా బావకి భూగోళం అని పేరు పెట్టాడు. ఆ పేరు బావకి ఎంత నచ్చిందంటే, వెక్కిరింత అని తట్టనే లేదు.

పోనీ ఆ పిచ్చి ఇంట్లో ఆ బల్ల దగ్గరే ఆగిందా అంటే, లేదు. ఒకరోజు మా అమ్మ కంటికి ఆపరేషన్ జరుగుతోంది. అక్కా నేనూ హాస్పిటల్ వరండాలో చేతులు నలుపుకుంటూ కూర్చున్నాం. ఎదురుగా గోడకి ఒక జలపాతం బొమ్మ. బావ దాని ముందు నిలబడి, తల ఒకవైపు వంచి, అటుగా పోతున్న నర్సుని ఆపాడు. ఏమన్నా అమ్మ సంగతి అడుగుతున్నాడేమోనని మేం లేచాం.

"ఈ నీళ్ళు ఇంత ధారగా పడుతుంటే కింద మడుగు ఉండాలి కదండీ. ఏది?" అన్నాడు.

నర్సు ఆయన్ని చూసి, మమ్మల్ని చూసి, ఎవరి తాలూకో అర్థం చేసుకుని వెళ్ళిపోయింది. నేను అక్క వైపు తిరిగాను. "తాగడు, తిరగడు. గీస్తాడు. గీయనీవే," అంది అక్క, నేలకేసి చూస్తూ. మొగుడిలో లేని చెడ్డ గుణాలు లెక్కపెట్టుకుని బతికే స్థితికి వచ్చింది మా అక్క.

రెండేళ్ళు దాటాక పటం పూర్తయింది. ఫోన్లు చేసి అందరినీ పిలిచాడు. ఆయన గొంతులో ఇన్నాళ్ళూ లేని మర్యాద ధ్వనించింది. నాకు వెళ్ళాలని లేదు. అక్క కోసం వెళ్ళాను. మందుల షాపాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత పాచికల సంచీ జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆయన కళ్ళల్లో వెలుగు చూసి నాకే ఒకలా అయింది.

ఒప్పుకోవాలి, పటం అందంగా ఉంది. తొమ్మిది కాగితాలు ఒకదానికొకటి అతికించి బల్ల మీద పరిచాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక కొండల వరుస, దాని గీతలు గీతలుగా ఒంపులు, ఒక్కో వాగూ కిందికి దిగి ఇంకో వాగుతో కలిసి నదయ్యే తీరు, సముద్రంలో కలిసేచోట విసనకర్రలా విచ్చుకున్న ఒండ్రు. ఆకుని వెలుతురుకి పెట్టి చూస్తే ఈనెలు కనిపించినట్టు ఉంది. కొండలకి పడమట దట్టమైన అడవి. తూర్పున బోసి నేల.

"ఇటు ఏమీ లేదేంటి బావా?" అన్నాను.

"వర్షచ్ఛాయ. గాలి పడమటి సముద్రం నుంచి వస్తుంది. కొండకి కొట్టుకుని వాన అంతా అటే కురిసిపోతుంది. ఇటు చుక్క పడదు." ఈ ముక్క చెబుతుంటే ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది.

"ఊళ్ళు?" అంది అక్క.

"ఊళ్ళు చివర్న వస్తాయి. ముందు ఆడదాం."

మమ్మల్ని ఓడలో తెచ్చి తూర్పు తీరాన దింపాడు. ఎందుకు తూర్పునే దింపాడో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆ వర్షచ్ఛాయ మాకు చూపించాలి. అదే ఆయనకి ముద్దు.

"ఓడ వెళ్ళిపోయింది. ఏం చేస్తారు?" అన్నాడు.

ఆటలో నేను మంత్రగత్తెని, పక్షులతో మాట్లాడగలను. "పక్షుల్ని పిలిచి నీళ్ళెక్కడున్నాయో అడుగుతాను," అన్నాను.

"పక్షులు లేవు. ఈ నేలలో వాటికి తినడానికి ఏముంది?"

లిఫ్టు మెకానిక్ కత్తివీరుడు. "కొండ దాటి అవతలికి పోతాం," అన్నాడు.

"కనుమ మూసుకుపోయింది. ఈ నెలల్లో మంచు."

"మరీ మంచిది. మంచు కరిగించుకుని తాగుతాం."

"అంత ఎత్తు ఎక్కేదాకా బతకరు."

మందుల షాపాయన సర్దుకుని కూర్చున్నాడు. "నా తోలు సంచీలో నీళ్ళున్నాయి కదండీ. తలా గుక్కెడు తాగుదాం."

"సంచీ ఎప్పుడు నింపారు?"

"ఓడలో నింపుకునే ఉంటాను. దొంగవాణ్ణి, అంత అజాగ్రత్తగా ఉండను."

"నింపానని చెప్పలేదు మీరు," అన్నాడు బావ. నాకు టైలరు దుకాణం వాసన మళ్ళీ ముక్కుకి తగిలింది. అదే గొంతు. అదే మర్యాద.

మందుల షాపాయన పాచిక వేశాడు. అంతకన్నా పెద్ద పందెం దాని మీద ఇంకొకటి లేదు. పాత రోజుల్లో ఆ పందెం పడితే అందరం బల్ల చరిచేవాళ్ళం.

"ఎంత పడితే ఏం లాభం? నీళ్ళు లేవు కదా," అన్నాడు బావ.

ఆ మధ్యాహ్నం మేం నలుగురం వరసగా చచ్చిపోయాం. రాక్షసుల చేతిలో కాదు, యుద్ధంలో కాదు. గాలివాటం తెలియక చచ్చాం. ముసలి దొంగ అందరికన్నా ముందు పోయాడు, వయసు కనుక. ఎలా పోయాడో బావ వివరంగా చెప్పాడు, నాలుక వాచిపోవడం దగ్గర్నుంచి.

"మీ లోకంలో మనుషులు బతకరా?" అంది అక్క.

"తెలివుంటే బతుకుతారు."

మందుల షాపాయన పాచికలు సంచీలో వేసుకుని, చెప్పులు వేసుకుని, "వస్తానమ్మా," అని అక్కకి చెప్పి మెట్లు దిగిపోయాడు. దిగేటప్పుడు మెట్ల రెయిలింగు పట్టుకుని దిగాడు. ఎప్పుడూ అలా దిగే మనిషి కాదు.

మరుసటి ఆదివారం ఎవరమూ వెళ్ళలేదు. బావకి దిగులేమీ లేదు. మాకు అర్హత లేదనుకున్నాడు. అర్హత ఉన్నవాళ్ళకి చూపిద్దామని, పటాన్ని ఫోటోలు తీసి, తను వీడియోలు చూసే ఆ పటాలవాళ్ళ గుంపులో పెట్టాడు. పెట్టి, పొగడ్తలు అందుకోవడానికి ఒక శుభ్రమైన చొక్కా కూడా వేసుకున్నాడని అక్క చెప్పింది.

పొగడ్తలు వచ్చాయి. వాటి మధ్యలో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నాలుగు ముక్కలు రాశాడు. మీ ఖండం భూమధ్యరేఖకి పక్కనే ఉంది. అక్కడ గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది, మీరు పడమటి నుంచి వీయించారు. మీ అడవి ఉండాల్సిన చోట ఎడారి ఉంది, ఎడారి ఉండాల్సిన చోట అడవి ఉంది. ఇది మొదటి పాఠంలోనే చెబుతారు. పటం మాత్రం నీట్‌గా ఉంది. పిల్లలకి కలరింగ్ చేయడానికి బావుంటుంది.

బావ రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. పొట్టలో బాగాలేదన్నాడు. ఆ నాలుగు ముక్కల్నీ మళ్ళీ మళ్ళీ చదివాడు. పుస్తకాలు తీశాడు, వీడియోలు తిప్పాడు, ఎక్కడా తనకి సాయం వచ్చే మాట దొరకలేదు. అక్క నాకు ఫోన్ చేసి ఇదంతా గుసగుసగా చెప్పింది. చెప్పేటప్పుడు బాధగా చెప్పిందో, ఇంకెలా చెప్పిందో, ఆ గుసగుసలో తేలలేదు. నాకు మాత్రం ఆ రోజు లాబ్‌లో చేసిన ప్రతి పన్నూ నవ్వుతున్నట్టే కనిపించింది.

ఇలాంటి వార్త కడుపులో దాచుకునేంత పుణ్యాత్మురాలిని కాను. సాయంత్రం తిన్నగా మందుల షాపుకి వెళ్ళి, తలనొప్పి బిళ్ళ కొనే నెపంతో మొత్తం చెప్పేశాను. ఆయన చేతిలో బిళ్ళల అట్ట అలాగే ఉండిపోయింది.

"అంటే నేను చచ్చింది అడవిలోనా అమ్మా?" అన్నాడు.

"అడవిలోనే. వానలో తడుస్తూ దాహంతో చచ్చారు."

ఆయన నవ్వలేదు. షట్టరు సగం దించి, నా వెంట బయల్దేరాడు. పొరుగువాడి ఇంటికి ఏదైనా అడగడానికి ఆయన వెళ్ళడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

మేం వెళ్ళేసరికి బావ బల్ల దగ్గరే ఉన్నాడు. లిఫ్టు మెకానిక్ కూడా అక్కడే ఉన్నాడు, స్నేహితుడికి పొట్టలో బాగాలేదంటే చూడ్డానికి వచ్చి. అక్క స్టూలు మీద కూర్చుని చొక్కా గుండీలు కుడుతోంది.

మందుల షాపాయన కూర్చోలేదు. "గాలి సంగతి తెలిసిందండీ," అన్నాడు. "మీరేదో ఎరిగి చేశారని నేననను. పొరపాటు ఎవరికైనా వస్తుంది. అక్కడ వాన ఉండాలట కదా. అయితే నా ముసలాడు పోయి ఉండడు. కాస్త బతికించండి. అంతే."

ఒక్క మాట. బతికాడు అంటే సరిపోయేది. పాచిక కూడా అక్కరలేదు. మేం అందరం ఆ మాట కోసం బావ నోటికేసి చూస్తున్నాం. ఆయన ముఖంలో ఏదో లెక్క నడవడం కనిపించింది. తర్వాత ఆ ముఖం మెల్లగా తేరుకుని, పాత ముఖం అయిపోయింది.

"పొరపాటు ఎవరన్నారు?" అన్నాడు. "మన భూమి తిరిగినట్టే ఆ లోకం తిరగాలని రూలేముంది? అది వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగితే గాలి పడమటి నుంచే వస్తుంది. పటంలో ఒక్క గీత కూడా మార్చక్కరలేదు."

"వెనక్కి తిరిగితే సూర్యుడు..." అన్నాడు లిఫ్టు మెకానిక్.

"పడమట ఉదయిస్తాడు."

లిఫ్టు మెకానిక్ నా వైపు చూశాడు. సూర్యుడు పడమట పొడిచినా జరగదు అని మనం మాటవరసకి అంటాం. ఈయన తప్పు ఒప్పుకోవడం అలాంటిదేనని మాకు తెలుసు. కానీ నిజంగానే పొడిపించేస్తాడని అనుకోలేదు.

"మరి మా దొంగ?" అన్నాడు మందుల షాపాయన, ఇంకా ఆశ చావక.

"అక్కడ వాన పడదండీ. మీరు పోవడం సరిగ్గానే జరిగింది."

అక్క సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన్ని మీరు అంటూ వచ్చిన మనిషి.

"ఒక ముసలాయన్ని బతికించడానికి మనసొప్పక సూర్యుణ్ణి తిప్పేశావా నువ్వు?" అంది.

గొంతు పెంచలేదు. ఆ "నువ్వు" మాత్రం గదిలో ఎవరో గ్లాసు కింద పడేసినట్టు వినిపించింది. బావ నోరు తెరిచి, భౌతికశాస్త్రం ప్రకారం అని మొదలుపెట్టాడు. అక్క వినలేదు. మందుల షాపాయన వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీ షాపు మీది గదిలో ఏముంది?"

"మందుల పెట్టెలమ్మా. ఖాళీవి."

"ఆదివారం అక్కడ ఆడుకుందాం. నేను నడుపుతాను."

"నువ్వా?" అన్నాడు బావ. ఆయన నోటి నుంచి వచ్చిన ఆ రెండక్షరాల్లో రెండేళ్ళ చదువూ ఉంది. అక్క మళ్ళీ సూది తీసుకుంది.

ఆ ఆదివారం నుంచి మేం ఖాళీ పెట్టెల మధ్య, దగ్గు మందు వాసనలో ఆడుతున్నాం. అక్క ఒక అట్టపెట్టె విప్పదీసి దాని లోపలి వైపు కొత్త లోకం గీసింది. నిజం చెప్పాలంటే అక్క ఆట నడపడంలో గొప్పదేమీ కాదు. రాజు పేరు మరిచిపోతుంది. మొన్న చచ్చిన సేనాపతిని ఇవాళ విందుకి పిలుస్తుంది. ఉత్తరం ఎటో అడిగితే కిటికీ వైపు చూపిస్తుంది. మొదటి రోజు ఆట మొదలవగానే మందుల షాపాయన మెల్లగా, తనకి కొత్త మనిషి కావాలేమో కదా అన్నాడు. పాతవాడు పోయాడు కనుక.

"పోయాడని ఎవరన్నారు?" అంది అక్క. "దొంగ చచ్చినట్టు పడుకుంటే నమ్మేయడమేనా? మీ జేబులు చూసుకోండి, ఎవరెవరివి ఏమేం పోయాయో."

ఆ రోజు నా మంత్రదండం, కత్తివీరుడి బూట్లు పోయాయి. మందుల షాపాయన నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇక బావ సంగతి. ఇలాంటి కథల్లో మనిషికి బుద్ధి రావాలి. ఈయనకి రాలేదు. సూర్యుడు పడమట ఉదయించే లోకం అని ఆ గుంపులో మళ్ళీ రాస్తే, ముందుగానే ఆలోచించి చేసిన చమత్కారమనుకున్నారు వాళ్ళు. ఆ నాలుగు ముక్కలు రాసినవాడు కూడా భలే తిప్పావని మెచ్చుకున్నాడు. ముందుగా ఆలోచించలేదని ఈయన చెప్పలేదు. ఇప్పుడు అక్కడ ఈయన పెద్దమనిషి. ఎక్కడెక్కడివాళ్ళో తమ పటాలు తెచ్చి ఈయన ముందు పెడతారు. ఆఫీసులో దుకాణాల్ని కొట్టేసినట్టు, ఇంటికి వచ్చి ఖండాల్ని కొట్టేస్తాడు. నీ నది అలా పారదు. నీ కొండ అక్కడ లేవదు. వాళ్ళు థాంక్స్ కూడా చెబుతారట. ఆయన లోకంలో ఇప్పటికీ ఒక్క ఊరు లేదు. ఊళ్ళు వస్తే జనం వస్తారు, జనం వస్తే పటం మురికవుతుంది.

లిఫ్టు మెకానిక్ అప్పుడప్పుడూ వెళ్ళి కాసేపు కూర్చుని వస్తాడు. చిన్నప్పటి స్నేహం, ఏం చేస్తాడు. నేను వెళ్ళడం మానేశాను. ఎదురుపడితే పలకరిస్తాను. ఎండ ఎలా ఉందని కూడా అడగను, దిక్కులు చెప్పడం మొదలుపెడతాడని.

తొమ్మిది కాగితాలూ గోడకెక్కాయి కనుక బల్ల ఖాళీ అయింది. ఇప్పుడు వాళ్ళు బల్ల దగ్గరే తింటున్నారు. అక్క ఆయన్ని నువ్వు అనే పిలుస్తోంది. ఆయన గమనించాడో లేదో తెలియదు.

మొన్న ఆదివారం మెట్లెక్కుతూ అడిగాను అక్కని. "బావ ఎలా ఉన్నాడే?"

అక్క చంకలో అట్ట పటం సర్దుకుంది. "హాయిగా ఉన్నాడే. ఈల వేసుకుంటూ ఉన్నాడు. ఒక్కరోజైనా బాధపడతాడేమోనని చూస్తున్నాను," అంది. పైనుంచి మందుల షాపాయన పెట్టెలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. అక్క రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. నేనూ ఆమె వెనకే ఎక్కాను.